అచ్చుకాని నాలుగు లైన్లు

మా గల్లీ దవాఖానాలో పిల్లలకు టీకాలు బుధవారం, శనివారం వేస్తారు. నా బీపీ మాత్రలు ఏ రోజు వెళ్లినా ఇస్తారు. అయినా నేను శనివారమే వెళ్తాను. ముప్ఫై ఏళ్లు రిపోర్టరుగా తిరిగినవాడికి నలుగురు మాట్లాడుకునే చోట కూర్చోవడం ఒక అలవాటు. రిటైరయ్యాక అలాంటి చోట్లు తగ్గిపోయాయి. పురానాపూల్ దగ్గర మా ఇంటి నుంచి దవాఖానాకు పది నిమిషాల నడక. అక్కడ గోడ పక్కన ఒక బల్ల ఉంటుంది. మాత్రలు తీసుకున్నాక కూడా దాని మీద గంటసేపు కూర్చుంటాను.

తల్లులు అడిగే ప్రశ్నలు ప్రతి శనివారం దాదాపు అవే. ముక్కు కారుతున్న పిల్లకు సూది వేయవచ్చా అని ఒకామె. జలుబుకు ఏం కాదు, ఒళ్లు కాలిపోయేంత జ్వరముంటే మాత్రం డాక్టరమ్మకు చూపించాక చూద్దాం అంటుంది నర్సమ్మ. ఒకే రోజు రెండు తొడలకు రెండు సూదులేమిటి, పసిపిల్ల తట్టుకుంటుందా అని ఇంకొకామె. తట్టుకుంటుంది, రెండుసార్లు ఏడిపించే బదులు ఒక్కసారే ఏడిపిస్తున్నామంటుంది. ఊరికి పోయి రెండు నెలలు తప్పిపోయింది, మళ్లీ మొదటినుంచి వేయించాలా అని మరొకరు. అవసరం లేదు, ఆగిన దగ్గర నుంచే. రాత్రికి ఒళ్లు వెచ్చబడితే ఏం చేయాలి, వేసిన చోట గడ్డ కడితే ఏం పూయాలి. ఉర్దూలో అడిగితే ఉర్దూలో, తెలుగులో అడిగితే తెలుగులో, ఆ నర్సమ్మ నలభై మందికి నలభైసార్లు చెబుతుంది. విసుగు ఆమె గొంతులో నేను ఎప్పుడూ వినలేదు. వేయించాక అరగంట ఎవరినీ కదలనివ్వదు. ఎదురుగా గోడ గడియారం చూపించి, ముల్లు అక్కడికొచ్చాక పొమ్మంటుంది.

పోయిన చలికాలం ఒక శనివారం అందరూ వెళ్లిపోయాక ఆమె రిజిస్టరు ముందేసుకుని కూర్చుంది. ఒక పేరు చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసి ఉంది. అఫ్జల్‌గంజ్ వైపు పోయే సందులో తాళ్ల దుకాణం వాళ్ల మనవరాలు, పది నెలల పిల్ల. తల్లిగారింట్లో ఉన్నన్నాళ్లు సూదులన్నీ పడ్డాయి. అత్తగారింటికి వచ్చాక ఆగిపోయాయి. తొమ్మిది నెలలకు వేయాల్సిన తట్టు టీకా ఇప్పటికీ పడలేదు. ఆ దుకాణానికి రెండు సందుల వెనక ఇద్దరు పిల్లలకు తట్టు పోసిందని, అది ఆ పిల్ల దాకా వచ్చేలోపు సూది పడాలని నర్సమ్మ ఆరాటం. కోడలు వేయించడానికి సిద్ధమే. అత్త ఒప్పుకోదు.

"నాలుగుసార్లు పోయిన సార్. ఆ పెద్దమ్మ నన్ను గడప ఎక్కనియ్యది. టీకాతోటి పిల్లలు చచ్చిపోతరని పేపర్ల పడ్డదంటది. ఆ కాగితం దుకాణంల అద్దం కింద పెట్టుకున్నరట. మీరు పేపరోళ్లే గదా, ఒక్కసారి వచ్చి చూడుండ్రి."

నేను హుషారుగానే బయల్దేరాను. ఎక్కడో ఊరూపేరూ లేని పత్రికలో వచ్చిన పుకారై ఉంటుంది, వార్తను ఎలా చదవాలో నాలుగు ముక్కలు చెబితే సరిపోతుందనుకున్నాను.

ఆ దుకాణం నాకు తెలియనిదేం కాదు. కొబ్బరి పీచు తాళ్లు, నైలాన్ తాళ్లు, గోనె సంచులు టోకుగా అమ్ముతారు. మూడు తరాల నుంచి అదే వ్యాపారం, పైన ఇల్లు, కింద దుకాణం. లోపలికి అడుగుపెడితే జనపనార వాసన ముక్కు పట్టేస్తుంది. సేఠ్ నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. చూడగానే కూర్చోమని స్టూలు లాగి, చాయ్‌కి చెప్పాడు. ఆయన బల్ల మీద పెద్ద అద్దం పరిచి ఉంది. పాతకాలం దుకాణాల్లో ఆ అద్దం కింద అన్నీ ఉంటాయి. దేవుడి పటం, తండ్రి ఫొటో, ఒక పాత క్యాలెండరు కాగితం, కొడుకు పెళ్లిపత్రిక. వాటి మధ్యన టీ రంగుకు తిరిగిన ఒక పేపరు ముక్క.

కళ్లజోడు సవరించుకుని వంగాను. 'టీకా వేసిన మర్నాడే పసిబిడ్డ మృతి' అని శీర్షిక. కింద ఫొటో. ఒక దవాఖానా ముందు ఆడవాళ్ల గుంపు. ఆ దవాఖానా ఈ సందులోనే ఎదురుగా ఉండేది, తర్వాత వేరే చోటికి మార్చారు. రాసినవాళ్ల పేరు లేదు, మా ప్రతినిధి అని మాత్రం ఉంది. చదువుకుంటూ మూడో పేరా దాకా వచ్చాను. 'ఆ సందులో ఆ పూట ఏ ఇంటా పొయ్యి వెలగలేదు' అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను.

ఆ వాక్యం నాది. రాసిన రోజు డెస్కులో ఇద్దరు మెచ్చుకున్నారు. చాలా ఏళ్లు నేను కూడా దాన్ని మెచ్చుకుంటూ వచ్చాను.

సేఠ్ నా భుజం మీదుగా వేలు పెట్టి ఫొటోలో ఒక మూల చూపించాడు. గుంపు వెనకాల, తలల పైన, తాళ్ల దుకాణం బోర్డు సగం కనిపిస్తోంది.

"మా బోర్డు జూడుండ్రి సారూ. అప్పుడే కొత్తగ రాయించినం. పెద్ద పేపర్ల పడ్డది. గందుకే తీసి పెట్టిన."

ఆయన ఆ కాగితం దాచింది బోర్డు కోసం. ఇరవై ఏళ్లకు పైగా ఆ బల్ల ముందు నిలబడ్డ ప్రతివాడికీ ఆ బోర్డే చూపించి ఉంటాడు. ఇంట్లో వాళ్లు మాత్రం దాని పైనున్న అక్షరాలు చదువుకున్నారు. నర్సమ్మ నా వంక చూస్తోంది, ఏమైనా చెబుతానని. నేను చాయ్ తాగి, మళ్లీ వస్తానని లేచాను. సందు మలుపులో ఆమె, ఏంది సార్, ఏం మాట్లాడలేదని అడిగింది. అది నేను రాసిందేనని చెప్పాను. ఆమె కాసేపు నాతోపాటు నడిచి, అయితే మంచిదే సార్, రాసినోళ్లే చెప్తే ఇంకా మంచిగ ఇంటరు అంది.

మంచిదే అనిపించింది నాకు కూడా. ఎందుకంటే ఆ కథ అక్కడితో ముగియలేదు. పసిబిడ్డ చనిపోయిన పది రోజులకు పెద్దాసుపత్రి నుంచి శవపరీక్ష రిపోర్టు వచ్చింది. నాకు బాగా గుర్తు. ఒక డాక్టరు నన్ను తన గదిలో కూర్చోబెట్టి చదివి వినిపించాడు. బిడ్డకు పుట్టుకతోనే గుండెలో రంధ్రం ఉంది. ఎవరూ కనిపెట్టలేదు. చావుకు కారణం అదే, టీకా కాదు. అదే సాయంత్రం ఆఫీసుకు వచ్చి నాలుగు లైన్లు రాసి డెస్కులో ఇచ్చాను. ఇచ్చి, బంధువుల పెళ్లికి బస్సెక్కి ఊరికి వెళ్లాను. నా పని అయిపోయింది. ఆ నాలుగు లైన్లు తెచ్చి ఈ అద్దం కింద, పాత ముక్క పక్కన పెడితే చాలు.

ఇంటికొచ్చి ట్రంకు పెట్టె తీశాను. రిపోర్టర్లందరికీ ఉండే జబ్బే నాకూ ఉండేది. రాసినవన్నీ కత్తిరించి, తెల్లకాగితాల మీద అంటించి, తేదీ వేసి దాచుకోవడం. పొయ్యి వెలగని వార్త దొరికింది. నాలుగు లైన్ల సవరణ దొరకలేదు. ఆ పెట్టెలో ఒక్క సవరణ కూడా లేదు. తప్పు దిద్దుకున్న ముక్కను ఎవరు అంటించి దాచుకుంటారు?

సోమవారం పాత పేపర్లు బైండు చేసి ఉంచే గ్రంథాలయానికి వెళ్లాను. అక్కడి ఆయన దుమ్ము దులిపి మూడు పెద్ద సంపుటాలు తెచ్చి బల్ల మీద పడేశాడు. నేను ఊరెళ్లిన రోజు తర్వాతి పేపరు తీశాను. నగరం పేజీ, కింద ఎడమ మూల, ఇలాంటివి పడే చోటు. అక్కడ చీరల దుకాణం ఆషాఢం తగ్గింపు ప్రకటన ఉంది. మర్నాడు పేపరు చూశాను. ఆ మర్నాడు. నెల రోజుల పేపర్లు చివరి పేజీ దాకా చూశాను. మధ్యాహ్నం తిండికి కూడా లేవలేదు.

అది అచ్చు కాలేదు.

ఎలా జరిగి ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాతి రోజుల్లో నేనే డెస్కులో కూర్చున్నాను. పొద్దుపోయాక ప్రకటన వస్తే పేజీలోంచి ముందు లేపేది చిన్న ఐటం. పేరు లేనిది, రేపడగడానికి ఎవరూ రానిది. అలాంటివి నా చేత్తో ఎన్ని లేపానో లెక్క లేదు. రేపు పెడదామని పక్కన పెడతాం. రేపటికి రేపటి చావులుంటాయి. ఊరి నుంచి వచ్చాక నేను ఆ రోజు పేపరు తిరగేసి చూసి ఉంటే తెలిసేది. చూడలేదు. రాశాను కాబట్టి పడి ఉంటుందనుకున్నాను. ఇరవై ఏళ్లు అదే అనుకుంటూ బతికాను.

మంగళవారం మధ్యాహ్నం, దుకాణంలో గిరాకీ తక్కువుండే వేళ, నర్సమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. పెద్దమ్మను పిలవమని సేఠ్‌ను అడిగాను. ఆమె పై నుంచి దిగి వచ్చి, నర్సమ్మను చూసి చివరి మెట్టు మీదే ఆగిపోయింది. మెట్ల మలుపులో కోడలు, చంకలో పిల్ల. ఆ పిల్ల వేలాడుతున్న తాడు కొస ఒకటి పట్టుకుని నోట్లో పెట్టుకోబోతుంటే కోడలు లాగేస్తోంది.

నేను లేచి నిలబడే చెప్పాను. ఈ వార్త రాసింది నేను. బిడ్డ టీకా వల్ల చనిపోలేదు, గుండెలో పుట్టుకతో రంధ్రం ఉంది. పది రోజులకు రిపోర్టు వచ్చింది. నేను రాసిచ్చాను, పేపర్లో పడలేదు. పడిందో లేదో నేను చూసుకోలేదు. నిన్ననే తెలిసింది.

సేఠ్ ముందు నమ్మలేదు. మీరేనా రాసింది అని రెండుసార్లు అడిగి, కొంచెం గౌరవంగా కూడా చూశాడు. పెద్దమ్మ ఆ మెట్టు మీదే కూర్చుంది. నర్సమ్మ ఏదో అనబోతే నేను వద్దన్నట్టు చెయ్యి ఊపాను.

"పదొద్దులకే తెల్సిందా నీకు?"

అప్పటిదాకా ఆ దుకాణంలో అందరూ నన్ను మీరు అనే అన్నారు. తెలిసిందని చెప్పాను.

అప్పుడు చెప్పింది. ఆ బిడ్డ తల్లి వాళ్ల వెనక గదిలో కిరాయికి ఉండేది. దుకాణానికి గోనె సంచులు కుట్టేది. బిడ్డకు సూది వేయించడానికి భయపడి రెండు వారాలు వాయిదా వేసింది. ఈమె కోప్పడింది. తన పిల్లలకు వేయించలేదా, ఏమైందని, చెయ్యి పట్టుకుని ఎదురుగా ఉన్న దవాఖానాకు తీసుకుపోయింది. సూది వేసేటప్పుడు బిడ్డను ఒళ్లో పట్టుకున్నది కూడా ఈమే. మర్నాడు బిడ్డ పోయింది. ఆ తల్లి ఒక్క మాట అనలేదట. నెల తిరక్కుండా గది ఖాళీ చేసి వెళ్లిపోయింది.

"ఈయనేమో బోర్డు బోర్డు అని ఆ కాగితం అద్దం కింద పెట్టిండు. నేను దినాం దుకాణం ఊడుస్త. అద్దం తుడుస్త. దినాం సదువుత."

సేఠ్ తలొంచుకున్నాడు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు. నాకు కూర్చోవాలనిపించింది గానీ స్టూలు ఎక్కడుందో కనిపించలేదు.

పెద్దమ్మ మళ్లీ మాట్లాడింది. ఈసారి నర్సమ్మ వైపు తిరిగి. గుండెల రంధ్రం ఉంటే పిల్లలు ఎట్లుంటరని అడిగింది. నర్సమ్మ చెప్పింది. సరిగ్గా పాలు తాగలేరు, మధ్యమధ్య ఆగిపోతారు, రొప్పుతారు, బరువు పెరగరు, కొందరికి పాలు తాగుతుంటే నుదురంతా చెమట పడుతుంది.

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తల్లి కొంగంత తడిసేది ఆ పిల్ల చెమటకు. ఎండకాలం గదా అని విసనకర్రతోటి విసిరేటోళ్లం."

నేను తెచ్చింది ఒట్టి నోటిమాట, అచ్చులో చూపించడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు. ఆమె నమ్మింది తను కళ్లారా చూసిన చెమటను.

వెంటనే సరేనని మాత్రం అనలేదు. ప్రశ్నలు వేసింది. శనివారాలు నేను బల్ల మీద కూర్చుని వినే ప్రశ్నలే, కానీ ఈమె అడుగుతుంటే వేరేగా వినిపించాయి. తట్టు పోస్తే వేపాకు కట్టి, అమ్మవారిని చల్లబరిచి సాగనంపుతాం, అందరికీ తగ్గలేదా? చాలామందికి తగ్గుతుంది, కొందరికి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, కొందరికి చూపు పోతుంది, ఎవరికి దిగుతుందో ముందు తెలియదు అంది నర్సమ్మ. తల్లిపాలు తాగే పిల్లకు అవసరమా? తల్లి నుంచి వచ్చిన రక్ష ఈ వయసుకు తగ్గిపోతుంది, అందుకే తొమ్మిది నెలలకు ఒకటి, ఏడాదిన్నరప్పుడు ఇంకొకటి. నెల ఆలస్యమైంది, ఇప్పుడు పని చేస్తుందా? చేస్తుంది, ఎంత తొందరగా వేయిస్తే అంత మంచిది. అసలు ఏమీ కాదా? నర్సమ్మ ఆ ప్రశ్నకు తొందరపడలేదు. ఒళ్లు వెచ్చబడవచ్చు, వారానికి సన్నగా పొక్కులు రావచ్చు, రెండు రోజుల్లో పోతాయి. పెద్దగా తేడా చేయడం చాలా అరుదు, అందుకే అరగంట కళ్ల ముందు ఉంచుకుంటాను అంది.

కోడలు మెట్ల మలుపు నుంచి మెల్లగా, అత్తమ్మా, రేపే బుధవారం అంది.

"రేపు కాదు. నన్ను కొంచెం నిమ్మలపడనియ్యి. శనివారం నేనే ఎత్తుకొస్త. ముందుగాల డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి ఇనాలె. ఇన్నంకనే సూది."

నర్సమ్మ ఒప్పుకుంది. మేం బయల్దేరబోతుంటే సేఠ్ ఆపాడు. నోటిమాట గాలికి పోతుంది, మీరు చెప్పింది కాగితం మీద రాసియ్యుండ్రి సారూ అన్నాడు. వ్యాపారస్తుడి అలవాటు. కోడలు ఒక తెల్లకాగితం తెచ్చింది. ఇరవై ఏళ్ల కింద రాసిన నాలుగు లైన్లు మళ్లీ రాశాను. ఈసారి మా ప్రతినిధి అని రాయలేదు, కింద నా పేరు పెట్టి సంతకం చేశాను. ఆయన అద్దం ఒక పక్క ఎత్తి పాత ముక్కను బయటికి తీశాడు. తాళ్లు కోసే పెద్ద కత్తెరతో వార్తంతా కోసేసి, ఫొటో మాత్రం మళ్లీ లోపల పెట్టాడు. పొయ్యి వెలగని వాక్యం చెత్తబుట్టలో పడింది. ఫొటో పక్కన నా కాగితం.

శనివారం నేను తొందరగానే వెళ్లి బల్ల మీద కూర్చున్నాను. తొమ్మిదైంది, పదైంది. రాదేమో అనుకున్నాను. నర్సమ్మ కూడా సూది వేస్తూనే తలుపు వైపు చూస్తోంది. పదిన్నరకు పెద్దమ్మ పిల్లను ఎత్తుకుని వచ్చింది, వెనకాల కోడలు. డాక్టరమ్మ పిల్ల ఛాతీ మీద, వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. అంతసేపూ పెద్దమ్మ ఆమె ముఖమే చూస్తోంది. గుండె చక్కగా ఉందని డాక్టరమ్మ చెప్పాక, పిల్లను కోడలికి ఇవ్వబోయి, మళ్లీ ఏమనుకుందో తన ఒళ్లోనే గట్టిగా పట్టుకుని కూర్చుంది. కుడి భుజానికి సూది పడింది. పిల్ల ఒక్క క్షణం ఆశ్చర్యపోయి తర్వాత ఏడ్చింది. చెంచాతో విటమిన్ మందు పోస్తే ఏడుపు ఆపి చప్పరించింది.

ఆ అరగంట ఆమె నా పక్కన బల్ల మీదే కూర్చుంది. పిల్ల భుజం మీద నిద్రపోయింది. పెద్దమ్మ దాని వీపు మీద చెయ్యి పెట్టి ఊపిరి లెక్కపెడుతున్నట్టు గడియారం చూస్తోంది. సగం సమయం గడిచాక నా వైపు తిరక్కుండానే మాట్లాడింది. ఆ బిడ్డ తల్లి ఇప్పుడు కార్వాన్‌లో ఉంటోందట. పోయిన ఏడు అంగట్లో కనిపిస్తే పలకరించబోయి, నోరు రాక పక్కకు తప్పుకుందట. ఆ తర్వాత పుట్టిన పిల్లలెవరికీ ఆ తల్లి టీకాలు వేయించలేదని ఎవరో చెప్పారట.

"ఆమెకు గూడ చెప్పాలె గదా సారూ."

చెప్పాలన్నాను. ఎప్పుడు వెళ్దామని అడిగాను. ఆమె గోడ వైపు చూసింది. ముల్లు అక్కడికి రావడానికి ఇంకా పన్నెండు నిమిషాలుంది. అది అయిపోయాక పిల్లను ఇంట్లో దింపి, నీళ్లు తాగి బయల్దేరదామంది. తర్వాత కొంగు ముడి విప్పి నాలుగు మడతలు పెట్టిన తెల్లకాగితం తీసి నాకిచ్చింది. పొద్దున్నే అద్దం కింద నుంచి తీసి తెచ్చిందట.

"ఆమెకు సదువు రాదు. మీరే సదివి ఇనిపియ్యాలె."